సికిందరాబాదులో చలిజ్వరం గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

పూతలపట్టు, ఆగస్టు 20: చలిజ్వరం అంటే మన పల్లెల్లో తెలియనివారు లేరు. మొదట వణుకు, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని చలి, తర్వాత ఒళ్లంతా నిప్పు, ఆ తర్వాత చెమటలు. రోగి లేచి కూర్చుని గంజి తాగుతాడు. ఇక తగ్గిందనుకుంటాడు. ఒక రోజు విడిచి మరునాడు మళ్లీ అదే వేళకు వణుకు మొదలవుతుంది. ఈ జ్వరం గడియారం చూసుకుని వచ్చినట్టు ఎందుకు వస్తుంది, ఎక్కడనుంచి వస్తుంది అన్నది వేల ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. బురదనేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని పాశ్చాత్యులు అనుకున్నారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి అని. ఇక్కడ మనవాళ్లు కొందరు గాలి సోకిందన్నారు, కొందరు నీరు మారిందన్నారు.

ఆ చిక్కుముడి విడింది తెలుగు మాట్లాడే గడ్డమీదనే అంటే ఈ తరంవారికి ఆశ్చర్యం కలగవచ్చు. 1897వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు కంటోన్మెంటులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు చీల్చి చూసి, మలేరియా క్రిమి అందులో పెరుగుతున్నదని కనిపెట్టాడు. ఆ రోజునే నేటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. సిపాయిల తిరుగుబాటు మొదలైన నెల అది. తండ్రి సైన్యంలో ఉన్నతాధికారి. ఎనిమిదేళ్ల వయసులో పిల్లవాడిని చదువుకోసం ఇంగ్లండు పంపారు. కుర్రవాడి మనసంతా బొమ్మలు గీయడం, పద్యాలు కట్టడం, సంగీతం మీద ఉండేది. తండ్రి మాత్రం డాక్టరు చదవవలసిందేనన్నాడు. లండనులోని సెయింట్ బర్తలోమ్యూ ఆసుపత్రిలో చేర్పించారు. ఇష్టంలేని చదువు ఎలా సాగుతుందో అలాగే సాగింది. ఒక పరీక్ష తప్పాడు. కొంతకాలం ఓడమీద వైద్యుడుగా పనిచేశాడు. చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చాడు. ఆ రోజుల్లో మన చిత్తూరు ప్రాంతం కూడా మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు వేరు జిల్లా అయింది 1911లోనే.

మొదటి పదేళ్లు ఆయన చెప్పుకోదగ్గ పని చేయలేదనే అనాలి. పటాలం ఆసుపత్రిలో పని కొద్దిగా, తీరిక ఎక్కువగా ఉండేది. కథలు, కవిత్వం రాసుకున్నాడు. లెక్కలు తనంతట తాను నేర్చుకున్నాడు. కాని 1883లో బెంగుళూరులో జరిగిన ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. ఆయనకిచ్చిన బంగళాలో దోమలు విపరీతం. కిటికీ కింద ఒక నీళ్ల తొట్టి ఉంది. అందులో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. తొట్టి బోర్లించగానే ఇంట్లో దోమలు చాలా తగ్గాయి. ఇది చూసి సంతోషించి, అధికారుల భోజనశాల చుట్టూ ఉన్న తొట్లు, పూలకుండీలు కూడా ఇలాగే బోర్లిద్దామని పై అధికారికి చెప్పాడు. ఆ అధికారి ఒప్పుకోలేదు. దోమలను కూడా దేవుడు ఏదో పనిమీదే పుట్టించి ఉంటాడని ఆయన వాదన. దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని అప్పటికి రాస్‌కే తెలియదు.

క్రిమి దొరికింది, దారి దొరకలేదు

రాస్ కంటే ముందే మలేరియా క్రిమిని చూసినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావరాన్. 1880 నవంబరులో ఆఫ్రికాలోని అల్జీరియాలో ఒక రోగి నెత్తురును సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తుండగా అందులో తోకలు ఆడిస్తున్న జీవి కనబడింది. అది మొక్క కాదు, బూజు కాదు, బాక్టీరియా కూడా కాదు. ఒకే ఒక కణంతో బతికే జీవి. ఇటలీ వైద్యుడు గోల్జీ 1886 నాటికి మరొక సంగతి తేల్చాడు. ఈ క్రిములు ఎర్ర రక్తకణాల్లో దూరి, లోపల తిని, పెరిగి, విడిపోయి, అన్నీ ఒకేసారి కణాలను పగలగొట్టుకుని బయటికి వస్తాయి. పగిలిన వేళకే వణుకు వస్తుంది. ఒక జాతికి 48 గంటలకొకసారి, మరొక జాతికి 72 గంటలకొకసారి. ఒక రోజు విడిచి వచ్చే జ్వరం, రెండు రోజులు విడిచి వచ్చే జ్వరం అని మన పెద్దలు వేరుచేసి చెప్పింది దీన్నే.

ఇంతవరకు బాగానే ఉంది. కాని నెత్తురులో బందీ అయిన ఈ క్రిమి ఒక మనిషి ఒంట్లోనుంచి మరొక మనిషి ఒంట్లోకి ఎలా పోతుంది? రాస్ మొదట లావరాన్ మాటనే నమ్మలేదు. ఇండియాలో ఎంత వెదికినా ఆయనకు ఆ క్రిమి కనబడకపోవడమే కారణం. 1894లో సెలవుమీద లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో ఉండగా కనిపెట్టినవాడు ఈ మాన్సనే. మలేరియా కూడా దోమలోనే పెరుగుతూ ఉండాలని ఆయన అనుమానం. అయితే దోమ ఒకసారి నెత్తురు తాగి, నీటిమీద గుడ్లు పెట్టి చచ్చిపోతుందనీ, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. సగం నిజం, సగం పొరపాటు. ఆ పొరపాటు రాస్‌కు రెండేళ్లు ఖర్చు పెట్టించింది.

1895 ఏప్రిల్లో రాస్ సికిందరాబాదు చేరాడు. రోగులను దోమతెరలో పడుకోబెట్టడం, దోమలను లోపల విడిచి కుట్టించడం, నెత్తురు తాగిన దోమలను చీల్చి చూడడం ఆయన పని. కుట్టించుకున్న రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. దోమలు చచ్చిన నీటిని తాగించి కూడా చూశాడు. లచ్చుమన్ అని ఆయన రాసుకున్న ఇరవయ్యేళ్ల డోలీ బోయీ ఆ నీరు తాగాడు. పది పన్నెండు రోజులకు కొద్దిగా జ్వరం తగిలి తగ్గింది. రాస్ ఎగిరి గంతేశాడు. మరికొందరికి తాగించి చూస్తే చాలామందికి ఏమీ కాలేదు. నీటి సిద్ధాంతం అలా నీరుగారింది. నేడైతే రోగి కాని మనిషికి జ్వరం తెప్పించి చూసేందుకు ఏ వైద్యుడినీ అలా వదలరు. ఆ రోజుల్లో తెల్లదొర అడిగితే కాదనే ధైర్యం డోలీ మోసేవాడికి ఎక్కడిది అన్నది కూడా ఆలోచించవలసిన విషయం.

ఆగస్టు 20 మధ్యాహ్నం

మధ్యలో బెంగుళూరులో కలరా రేగడంతో అక్కడికి పంపారు. 1897 వేసవిలో సెలవు పెట్టి ఊటీ వెళ్లి, కొండదిగువ సీగూరు ఘాటు అడవిలో మలేరియా మూలం వెదుకుతూ తానే ఆ జ్వరంలో పడ్డాడు. క్వినైను మింగి లేచాడు. జూన్‌లో సికిందరాబాదు తిరిగివచ్చాడు.

ఇక్కడే అసలు చిక్కు. అప్పటికి ఆయన కోసి చూసినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. నేడు వాటిని క్యూలెక్సు, ఏడిస్ అంటాం. వాటిలో మలేరియా పెరగదు. రెండేళ్లుగా వందల దోమలను చీల్చినా ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. విత్తనం మంచిదే, చేను మాత్రం వేరొకరిది. ఆగస్టు నడుమ ఆయన పనివాళ్లు నీటిలోనుంచి తెచ్చిన పిల్లలు పెరిగి కొత్తరకం దోమలయ్యాయి. రెక్కలమీద మచ్చలు, వాలినప్పుడు తోక పైకెత్తి నిలబడడం వాటి గుర్తు. ఇదే అనాఫిలిస్ దోమ. పిల్లల్లోనూ తేడా ఉంది. మామూలు దోమపిల్ల నీటిలో తలకిందులుగా వేలాడుతుంది, అనాఫిలిస్ పిల్ల నీటిమట్టానికి చాపపరచినట్టు పడుకుంటుంది. కుంట గట్టున కూర్చుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని ఆగస్టు 16న ఆ మచ్చల దోమలతో కుట్టించారు. కడుపు నిండిన పది దోమలను సీసాల్లో ఉంచారు. కొన్ని చచ్చాయి, కొన్నిటిని రోజుకొకటి రెండు చొప్పున కోశాడు. 20వ తేదీకి మిగిలినవి రెండు మూడే. గదిలో ఉక్కపోత. పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయి కనుక గాలి లేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. కంటి దగ్గరి అద్దం పగులు పట్టింది. చిన్న ఈగలు కళ్లలో, చెవుల్లో దూరుతున్నాయి. అలా మధ్యాహ్నం వేళ ఒక దోమ కడుపు గోడను వెదుకుతుండగా గుండ్రని కణం ఒకటి కనబడింది. దోమ కడుపులో ఉండవలసిన కణం కాదది. దాని లోపల నల్లని పొడి గింజలు ఉన్నాయి. మలేరియా క్రిమి మనిషి నెత్తురు తిని మిగిల్చే నల్లపొడి అచ్చంగా అదే. వెదికితే అలాంటివి మరికొన్ని కనబడ్డాయి. మరునాడు చివరి దోమను కోశాడు. అందులోనూ ఆ కణాలున్నాయి, అయితే నిన్నటికంటే పెద్దవి. అంటే క్రిమి దోమలో బతికి ఉండడమే కాదు, పెరుగుతున్నది. ఆ రాత్రి భార్య రోసాకు జాబు రాస్తూ అందులో పద్యాలు కట్టాడు. డిసెంబరులో ఈ విషయం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

అయితే ఇంకా మిగిలింది సగం పని. ఆ గుండ్రని కణాలు పెరిగి ఏమవుతాయి? మనిషిలోకి ఎలా వస్తాయి? అది తేల్చడానికి ఒకటి రెండు నెలలు, చేతిలో రోగులు, మచ్చల దోమలు ఉంటే చాలు. సరిగ్గా ఆ సమయంలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారా అనే మారుమూల స్థలానికి వెళ్లాలి. అక్కడ మలేరియా దాదాపు లేదు. ఉత్తర్వు వేసిన అధికారికి దోమల సంగతి పట్టలేదు, ఖాళీ నింపడమే కావలసింది. రాస్ గింజుకున్నాడు. మాన్సన్ లండనునుంచి ఉత్తరాలు రాసి, పలుకుబడి ఉపయోగించి, 1898 ఫిబ్రవరికి కలకత్తాలో పరిశోధనకు వేయించాడు. ఆ బదిలీ లేకపోతే మిగిలిన కథ కూడా సికిందరాబాదులోనే జరిగి ఉండేదేమో.

పిచ్చుకలు తేల్చిన నిజం

కలకత్తాలో మరో అవాంతరం. ప్లేగు సూదులు వేస్తారన్న భయంతో జనం వైద్యుడిని చూస్తే పారిపోతున్నారు. వేలు గుచ్చి నెత్తురు తీయించుకునేవారే లేరు. రాస్ మనుషులను వదిలి పక్షులను పట్టుకున్నాడు. పిచ్చుకలకూ ఒకరకం మలేరియా వస్తుంది. దాన్ని మోసేది బూడిదరంగు మామూలు దోమ. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పట్టితేవడంలో, పిచ్చుకలను చూడడంలో రాత్రింబవళ్లు ఆయనవెంట ఉన్నాడు.

రోజుకొక దోమ చొప్పున కోస్తూ రాస్ బతుకుచక్రాన్ని మెట్టు మెట్టుగా చూశాడు. కడుపు గోడమీది కణం వారం రోజులకు బుడగలా ఉబ్బుతుంది. లోపల వేలకొద్దీ సన్నని దారపుపోగుల వంటివి తయారవుతాయి. బుడగ పగిలి అవి దోమ ఒళ్లంతా పాకుతాయి. చివరకు ఎక్కడికి చేరుతాయి? 1898 జులై 4న సమాధానం దొరికింది. దోమ తలకింద ఉన్న లాలాజల గ్రంథిలోకి. కుట్టేటప్పుడు దోమ మొదట తన ఎంగిలి మన ఒంట్లోకి వదిలి, తర్వాతనే నెత్తురు పీలుస్తుంది. ఆ ఎంగిలితోపాటే క్రిములు దిగుతాయి. కొద్దిరోజుల్లోనే జబ్బు దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టించి, వాటి నెత్తురులో క్రిములు పుట్టడం చూపాడు. నీరు కాదు, గాలి కాదు, దోమకాటే దారి అని అలా రుజువైంది.

ఈ చక్రంలో మధ్య మెట్టు ఒకటి రాస్ కళ్లబడలేదు. అది అమెరికాలోని మాకల్లమ్ అనే విద్యార్థి 1897లో కాకుల నెత్తురులో చూశాడు. లావరాన్ చూసిన తోకలు నిజానికి మగకణాలు. అవి ఆడకణంలో దూరి కలిసిన తర్వాతే దోమ కడుపులో పిల్ల కణం పుడుతుంది. మనిషి ఒంట్లో క్రిమి విడిపోయి పెరుగుతుంది, దాని పెళ్లి మాత్రం దోమ కడుపులో జరుగుతుంది. కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి నెత్తురు కావాలి. మగదోమ పూలతేనె, ఆకురసంతో కాలం గడుపుతుంది.

ఇదంతా రైతుకు కొత్త సంగతి కాదు. వేరుశనగ ఆకుమీద వచ్చే టిక్కా మచ్చ తెగులు చూడండి. అది క్రిమి కాదు, బూజుజాతి. రాలిన ఆకుల్లో, కట్టెల్లో దాక్కుని మరుసటి పంటదాకా బతుకుతుంది. తేమ చూసి మళ్లీ లేస్తుంది. ఆ సంగతి తెలిసినవాడు పాత చెత్త తగలబెడతాడు లేదా లోతుగా దున్నుతాడు, పంట మారుస్తాడు. తెలియనివాడు మచ్చ కనబడిన తర్వాత మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. రాస్ చేసింది చలిజ్వరానికి అదే పని. అది ఎక్కడ దాక్కుంటుందో, ఏ మెట్టులో కొడితే తెగుతుందో చూపించాడు.

బహుమతి, తగవులు

రాస్ 1899లో ఇండియా విడిచి లివర్‌పూల్ వైద్య పాఠశాలలో చేరాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ దేశంలో పుట్టినవారిలో నోబెల్ పొందిన మొదటివాడు ఆయనే. 1911లో సర్ బిరుదు లభించింది. అయితే ఆ పేరు వెంబడి తగవులు కూడా వచ్చాయి. ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 1898 చివరలో మనిషి మలేరియా అనాఫిలిస్ దోమలో మొదటినుంచి చివరదాకా పెరగడం చూపించారు. రాస్ మనిషి మలేరియా మొదటి మెట్లు, పక్షుల మలేరియా మొత్తం చూపించాడు. ఇద్దరికీ పంచుకోదగ్గ గౌరవమే. కాని రాస్ ఒప్పుకోలేదు, గ్రాస్సీ ఒప్పుకోలేదు. చచ్చేవరకు ఒకరినొకరు నిందించుకున్నారు. ఆసరాగా నిలిచిన మాన్సన్‌తో కూడా రాస్‌కు చెడింది. ప్రభుత్వం తనకు తగిన ధనం ఇవ్వలేదని ఫిర్యాదు చేశాడు, చివరకు 1928లో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకున్నాడు. మంచి పని చేసినవారందరూ మంచి మనసుతో ఉంటారని అనుకోరాదు.

దోమలను చంపవచ్చునన్న పట్టుదల మాత్రం ఆయనను వదలలేదు. సియెర్రా లియోన్, సూయజు కాలువ ఒడ్డున ఇస్మాయిలియా, మారిషస్ దీవి తిరిగి గుంటలు పూడ్పించే పథకాలు వేశాడు. తీరికలో నేర్చిన లెక్కలు ఇక్కడ పనికొచ్చాయి. దోమలన్నిటినీ చంపనవసరం లేదు, ఒక హద్దుకంటే కింద ఉంచితే చాలు, జబ్బు తనంతట తాను ఆరిపోతుందని గణితంతో చూపించాడు. నేడు ఏ అంటువ్యాధి వచ్చినా ఒక రోగినుంచి ఎందరికి అంటుతుందని వేసే లెక్కకు మూలాల్లో అదీ ఒకటి. పెద్ద కొడుకు 1914 యుద్ధంలో చనిపోయాడు. 1931లో భార్య పోయింది. 1932 సెప్టెంబరు 16న రాస్ లండనులో కన్నుమూశాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఆయన పేరుతోనే ఉంది.

ఆయన పోయిన తర్వాత దేశంలో మలేరియా లెక్కలు పైకీ కిందికీ ఊగాయి. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఏటా ఏడున్నర కోట్లమందికి జ్వరం, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో డి.డి.టి. చల్లే పథకం మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక పీడ విరగడైందని అందరూ చేతులు దులుపుకున్నారు. 1976లో 64 లక్షలకు లేచింది. మందుకు లొంగని దోమలు, పని వదిలేసిన మనుషులు, రెండూ కారణమే. ఇప్పుడు మళ్లీ బాగా తగ్గింది. ఇంటి గోడమీద మందు చల్లిన తేదీ రాసిపోయేవారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నాను.

రాస్ బెంగుళూరులో బోర్లించిన తొట్టి మాత్రం మన వాకిళ్లలో ఇంకా ఉంది. మన ఊళ్లలో కొళాయి నీళ్లు రోజూ రావు. మొన్న ఒక అవ్వ ఇంటిముందు డ్రమ్ములో దోమపిల్లలు చూపించి పారబోయమన్నాను. నాలుగు రోజులకొకసారి వచ్చే నీళ్లు పారబోస్తే తాగేదేమిటి నాయనా అని ఆమె అడిగింది. జవాబు లేదు. గుడ్డ కట్టి మూత వేసుకోమని మాత్రం చెప్పి వచ్చాను. డ్రముల్లో పెరిగేది ఎక్కువగా డెంగీ దోమ, మలేరియా దోమ బావుల్లో, కుంటల్లో, మేడమీది నీళ్ల తొట్లలో పెరుగుతుంది. మూత అన్నిటికీ పనికొస్తుంది.

రాస్‌కు తెలియని మెట్టు మరొకటి 1948లో ఇంగ్లండులో బయటపడింది. దోమ కుట్టగానే క్రిమి నేరుగా నెత్తురులో కాక మొదట కాలేయంలో దాగి పెరుగుతుంది. వైవాక్సు అనే జాతి అక్కడ నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుంది. తగ్గిన జ్వరం తిరగబెట్టడానికి కారణం అదే. నెత్తురులోని క్రిమికి మూడు రోజుల క్లోరోక్విన్, కాలేయంలోనిదానికి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు, డాక్టరు చూసి చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలు గుచ్చి చేసే నెత్తురు పరీక్ష ఉచితం. మూడో రోజుకే జ్వరం తగ్గిందని మిగిలిన గోళీలను గూట్లో పెట్టి మరిచేవారు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు.